రెండు గదుల మధ్య వైరు

6 జూన్ 2004, ఆదివారం

మా కిడ్నీ ట్రస్టుకి కొత్త కంప్యూటరు వచ్చింది. మరిది తిరుపతిరావు పలాస నుంచి ఆటోలో తెచ్చి ముందు గదిలో నా బల్ల మీద పెట్టాడు. పాతది లోపల రక్తపరీక్షల గదిలో ఢిల్లీబాబు దగ్గరే ఉంటుంది.

ఇకమీదట వచ్చినవాళ్ళ పేరు, వయసు నేను ఇక్కడ కొట్టాలి. రక్తం తీసి చూసి ఢిల్లీబాబు లోపల క్రియాటినిన్ అంకె వెయ్యాలి, కిడ్నీ ఎంత పాడైతే అది అంత పెరుగుతుంది. ఆ కాగితం మళ్ళీ నేను ప్రింటు తీసి శనివారం డాక్టరుగారికి ఇవ్వాలి. ఫ్లాపీలు ఈ ఉప్పుగాలికి వారానికొకటి పోతున్నాయి. అందుకని రెండు కంప్యూటర్లనీ వైరుతో కలుపుతానన్నాడు.

సాయంత్రం దాకా కూర్చున్నా కలవలేదు. పాతది విండోస్ తొంభై ఎనిమిది అట. కొత్తది ఎక్స్‌పీ అట. "ఇవి తోడికోడళ్ళు వదినా. ఒకే వంటింట్లో తిరుగుతాయి, ఒకదాన్నొకటి పలకరించుకోవు" అని నవ్వాడు. పాత దానిలోంచి కొత్తదాన్ని తెరవబోతే ఏదో పాస్‌వర్డు అడుగుతుంది. ఏది కొట్టినా కాదంటుంది.

వచ్చే ఆదివారం మళ్ళీ వస్తానన్నాడు. భోజనానికి ఉండమన్నాను. కాశీబుగ్గలో పని ఉందని వెళ్ళిపోయాడు. తన కంప్యూటరు సెంటర్లో ఈ కాలంలో శుభలేఖలు, పెళ్ళి బయోడేటాలు కొడతాడు. ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు. అంత నవ్వు ఎందుకో నాకు ఎప్పుడూ అర్థం కాదు.

7 జూన్, సోమవారం

శివాలయంలో అర్చన. ఈవారం చీటీలో పదకొండు పేర్లు. అంకె రెండు దాటినవాళ్ళందరినీ రాశాను. గోత్రం తెలియనివాళ్ళకి పంతులుగారు శివగోత్రం అని చదివేశారు. ఒక్కొక్క పేరూ స్వామికి వినబడేలా చదవమని నేనే చెప్పాను.

మందులు డాక్టరుగారు ఇస్తారు. మిగతాది నేను చేయగలిగింది ఇదొక్కటే.

13 జూన్, ఆదివారం

కలిశాయి. రెండింటికీ ఒకే గ్రూపు పేరు ఉండాలట, మా ప్రాంతం పేరే ఉద్దానం అని పెట్టాడు. ఆ పాస్‌వర్డు గొడవ పోవడానికి కొత్తదాంట్లో గెస్ట్, అంటే అతిథి, అని ఒక ఖాతా తెరిచాడు. ఇక ఏ తాళం అడగదు. నేను ఇక్కడ పేరు కొడితే లోపల ఢిల్లీబాబుకి కనిపించింది. అతను అంకె వేస్తే ఇక్కడ నాకు కనిపించింది. స్వామికి కొబ్బరికాయ కొట్టించాను.

తాళం లేకపోతే ఎలా అని అడిగాను. "రెండు గదుల మధ్య వైరే కదా వదినా, దీన్లోకి దొంగెలా దూరతాడు?" అన్నాడు.

నిజమే అనుకున్నాను. తరవాత మళ్ళీ అనుకున్నాను, తాళం తీసినవాడు అతనే కదా అని.

16 జూన్

కరెంటు లేదు. జపం చేసుకున్నాను.

21 జూన్, సోమవారం

గుళ్ళో జనం పెరిగారు. మన ఊరు కానివాళ్ళు కూడా ఐదారుగురు ఆడవాళ్ళు కూర్చున్నారు. అర్చన అయ్యేదాకా కదల్లేదు. స్వామి దయ.

26 జూన్, శనివారం

పైడయ్య వచ్చాడు. అంకె మూడున్నర. ఫిబ్రవరిలో రెండుంపావు ఉండేది. డాక్టరుగారు మందు మార్చారు, నెలకొకసారి రమ్మన్నారు.

బయటికొచ్చి నా బల్ల దగ్గర నిలబడ్డాడు. కూతురు రూపకి టెక్కలి వైపు సంబంధం వచ్చిందట. వాళ్ళకి పిల్ల నచ్చింది. ఈ ఏడు అధిక శ్రావణం కాబట్టి ముహూర్తం ఆగస్టు నెలాఖరుకి పెట్టుకుంటారట. "మన ఉద్దానం పిల్లలంతేనే ఆలుకి బయం అప్పా. నా సంగతి తెలిస్తే రూప గుంటకీ వొస్తాదంతారు. ఎవులికీ సెప్పకు" అన్నాడు.

నా నోట రాదన్నాను. రాదు కూడా. ఇరవై రెండేళ్ళు బడిలో పాఠాలు చెప్పాను, ఐదేళ్ళుగా ఇక్కడ కూర్చున్నాను. ఎవరి అంకె ఎంతో పక్కింటివాళ్ళకి కూడా చెప్పలేదు. అందుకే వస్తున్నారు. చెబుతానని ఒక్కరికి అనుమానం కలిగినా ఇక్కడికి రావడం మానేస్తారు. మానేసినవాళ్ళు ఏమవుతారో ఈ ఊళ్ళో వేరే చెప్పక్కర్లేదు.

28 జూన్, సోమవారం

అర్చన. పన్నెండు పేర్లు. పైడయ్య పేరు రెండుసార్లు చదివించాను.

5 జులై, సోమవారం

అర్చన. పంతులుగారు సంతోషంగా ఉన్నారు. "పొరుగూళ్ళ వాళ్ళు కూడా సోమవారం తప్పడం లేదమ్మా, మీ పేర్లు అయ్యేదాకా కూర్చునే ఉంటున్నారు" అన్నారు. మంచి పని ఒకరు మొదలుపెడితే నలుగురూ వస్తారు.

11 జులై, ఆదివారం

పైడయ్య భార్య పైడమ్మ వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

టెక్కలివాళ్ళు వద్దని కబురు చేశారు. కారణం కూడా దాచలేదట. పిల్ల తండ్రికి కిడ్నీ పాడైందని తెలిసిందన్నారు. ఎవరు చెప్పారని అడిగితే, తెలిసింది లెండి అన్నారట.

"నీ కాడా, ఆ ఢిల్లీబాబు కాడా తప్ప ఇంకెక్కడుందప్పా ఆ మాట? మాం మా అన్నదమ్ములకే సెప్పలేదు" అంది.

డాక్టరుగారికి తెలుసు అన్నాను. ఆయన టెక్కలిలోనే ఉంటారు కదా అన్నాను. ఆ మాట అన్నందుకు లోపల సిగ్గు వేసింది. ఆయన అలాంటివారు కాదు.

పైడయ్య ఇక రాడట. మందులు కూడా వద్దన్నాడట. వెళ్తూ వెళ్తూ పైడమ్మ నా కంప్యూటరుకేసి చూసింది. "ఇది వొచ్చినకాడినుంచే" అంది.

నాకూ అదే అనిపించింది.

12 జులై, సోమవారం

అర్చన. మనసు నిలవలేదు. పైడయ్యకి బుద్ధి మారి మందులు వేసుకోవాలని పేరు మళ్ళీ చదివించాను.

13 జులై, మంగళవారం

లెక్క వేసుకున్నాను. కంప్యూటరు వచ్చి ఐదు వారాలు. వైరు కలిసి నాలుగు వారాలు. ఐదేళ్ళు బయటికి పోని మాట ఈ నాలుగు వారాల్లో పోయింది.

తిరుపతిరావు ప్రతి ఆదివారం వస్తున్నాడు. వచ్చిన ప్రతిసారీ ఒక ఫ్లాపీ జేబులో పెట్టుకుని వెళ్తున్నాడు. వైరస్‌లకి మందు అంటాడు. అతని దగ్గర బయోడేటాలు కొట్టించుకునేవాళ్ళలో టెక్కలివాళ్ళు ఉండరా?

ఇవన్నీ రాయకూడదు. చెల్లెలి మొగుడు. అయినా రాశాను.

15 జులై, గురువారం

కంప్యూటర్లో ఒక చోట ఉంది, అంకెలున్న మా ఫోల్డర్లోకి ఎవరొచ్చారో చూపిస్తుంది. తిరుపతిరావే ఒకసారి చూపించాడు. తెరిచాను. గెస్ట్ అని ఉంది. పేరు లేదు.

ఢిల్లీబాబుని పిలిచి అడిగాను. నేనే అయుంటానప్పా అన్నాడు.

16 జులై, శుక్రవారం

ఢిల్లీబాబు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళాడు. లోపలి గదికి గొళ్ళెం నేనే పెట్టాను. వచ్చి చూశాను.

గెస్ట్.

గది ఖాళీ. గొళ్ళెం పెట్టి ఉంది. లోపల మనిషి లేడు, లోపల్నుంచి ఎవరో వచ్చి చూస్తున్నారు. పది నిమిషాలు చూస్తూ కూర్చున్నాను. కదలకుండా అలాగే ఉంది. విష్ణు సహస్రనామం మొదలుపెట్టి మధ్యలో ఎక్కడున్నానో మరిచిపోయాను.

18 జులై, ఆదివారం

తిరుపతిరావు వచ్చాడు. స్కూటరు దిగకముందే అడిగాను, ఫ్లాపీలో ఏం తీసుకెళ్తున్నావని.

ముందు నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపాడు. గది ఖాళీగా ఉన్నా గెస్ట్ వస్తున్నాడని చెప్పాను. అదేమిటో చెప్పబోయాడు, డ్రైవు తగిలించడం అని ఏదో మొదలుపెట్టాడు. నాకు అర్థం కాని మాటలతో నన్ను తిప్పకు అన్నాను. టెక్కలి సంబంధం మాట ఎత్తాను. నీ దగ్గర బయోడేటాలు కొట్టించుకునేవాళ్ళు ఎవరు అని అడిగాను. గొంతు పెంచలేదు. నేను ఎప్పుడూ పెంచను.

అతను స్కూటరుకి స్టాండు వేసి లోపలికి వచ్చాడు. తరవాత, "నీ సెల్లి ముందర ఈ మాట అనకు వదినా" అన్నాడు. జేబులోంచి ఫ్లాపీ తీసి బల్ల మీద పెట్టాడు. వైరు రెండు వైపులా పీకేసి చుట్టలా చుట్టి దాని పక్కన పెట్టాడు. స్కూటరు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఫ్లాపీ పెట్టి చూశాను. వైరస్ మందే ఉంది. మిగతాది చెరిపేసి ఉంటాడు.

19 జులై, సోమవారం

చెల్లెలు కృష్ణవేణి ఎస్టీడీ బూత్ నుంచి ఫోను చేసింది. ఏమీ అడగలేదు, పొడిగా మాట్లాడింది. అమ్మ పోయాక దానికి జడ వేసి బడికి పంపింది నేనే. "అప్పా, ఆయన నిన్నట్నుంచి అన్నం సరిగ్గా తినడం లేదు" అంది. ఎండలు ఎక్కువగా ఉన్నాయన్నాను.

వానలు పడుతున్నాయి.

అర్చనకి వెళ్ళాను. పదమూడు పేర్లు.

24 జులై, శనివారం

మళ్ళీ ఫ్లాపీలే. రెండు పాడయ్యాయి. డాక్టరుగారు చూడాల్సినవాళ్ళలో నలుగురు రాలేదు. పైడయ్య రాలేదు. వైరు తీసేశానని ఊళ్ళో అందరికీ చెప్పాను. అయినా నమ్మకం రావడానికి టైము పడుతుంది.

తిరుపతిరావు మాట కూడా అడిగినవాళ్ళకి చెప్పాను. పేరు అనలేదు. పలాస నుంచి వచ్చేవాడు అన్నాను.

31 జులై, శనివారం

ఈవారం రావాల్సినవాళ్ళలో ఆరుగురు రాలేదు. పైడయ్యని దారిలో చూశాను. జీడితోట గట్టు మీద కూర్చున్నాడు. కాళ్ళు బాగా వాచి ఉన్నాయి. నన్ను చూసి తల తిప్పుకున్నాడు.

8 ఆగస్టు, ఆదివారం

మహాలక్ష్మమ్మ ఏడుస్తూ వచ్చింది. వాళ్ళ పెద్దవాడికి సోంపేట వైపు సంబంధం ఖాయమైనట్టే ఉండేది. మొన్న వాళ్ళు వెనక్కి తగ్గారు. అబ్బాయి కిడ్నీ మంచిది కాదట కదా అన్నారట.

తిరుపతిరావే, ఇంకా మానలేదు అనుకున్నాను. వైరు లేకపోయినా ఏదో దారి పెట్టుకున్నాడనుకున్నాను. కంప్యూటరు తెరిచి ఆ కుర్రవాడి పేరు వెతికాను.

లేదు.

మళ్ళీ వెతికాను. ఢిల్లీబాబుని కూడా అడిగాను. అసలు వాడు మన దగ్గర పరీక్ష చేయించుకోలేదు. విశాఖపట్నంలో చేయించుకున్నాడు. మూడు వారాల క్రితం మహాలక్ష్మమ్మ మా అరుగు మీద కూర్చుని నాకు ఒక్కదానికే చెప్పుకుంది. నేను ఎక్కడా కొట్టలేదు. కాగితం మీద కూడా రాయలేదు.

రాశాను. చీటీలో.

8 ఆగస్టు, సాయంత్రం

పంతులుగారు అలాంటివారు కారు.

9 ఆగస్టు, సోమవారం

తలనొప్పిగా ఉందని గుడికి వెళ్ళలేదు. చీటీ రాసి ఉంది. పంపలేదు.

11 ఆగస్టు, బుధవారం

ఒక్క పేరు ఎలాగో పొక్కి ఉండొచ్చు. విశాఖలో ఎవరైనా చూసి ఉండొచ్చు.

12 ఆగస్టు, గురువారం

ఉండొచ్చు.

16 ఆగస్టు, సోమవారం

వెళ్ళాను. చీటీ తీసుకెళ్ళలేదు. ఎప్పుడూ కూర్చునే చోట కాకుండా వెనక స్తంభం పక్కన కూర్చున్నాను. చెంగు తల మీదికి లాక్కున్నాను. ఎందుకు అలా చేశానో దేవుడికి తెలుసు.

ముందు ఇద్దరు ఆడవాళ్ళు. ఒకావిడ చేతిలో పసుపు రాసిన కాగితం మడిచి ఉంది, జాతకం లాగుంది. పంతులుగారు అభిషేకం చేసి హారతి ఇచ్చేశారు. వాళ్ళు లేవలేదు. కాసేపు చూసి పెద్దావిడ నా వైపు తిరిగింది.

"ఏమ్మా, ఈ ఊరేనా? ఈవేళ పేర్లు సదవలేదేటి?"

ఏ పేర్లు అని అడిగాను.

"అదేనమ్మా, ఆ కిడ్నీ ఆఫీసులో ఆవిడ పంపిస్తాది కదా. సోమారం సోమారం రోగం ఉన్నోల పేర్లన్నీ సదివిస్తాది. ఇంటిపేరుతో, గోత్రంతో. మా ఆడపడుచు సెప్పింది. ఈ ఊరి సంబందం అనుకుంతే ముందు రెండు సోమారాలు ఎల్లి కూకోండి, అన్నీ తెలిసిపోతాయి అని." పక్కావిడకేసి చూసి నవ్వింది. "మహాతల్లి. మనకి ఆసుపత్రుల సుట్టూ తిరిగే పని తప్పించింది."

ఈవేళ ఆవిడ రాలేదనుకుంటా అన్నాను.

"అయితే పై సోమారం రావాల" అంది.

ఇంటికి వచ్చాను. పూజగది తలుపు తీయలేదు. పాత చీటీలు పంచాంగంలో పెట్టుకునేదాన్ని. తీసి లెక్కపెట్టాను. యాభై నాలుగు సోమవారాలు. జనం పెరిగారని సంతోషపడిన రోజు కూడా ఈ డైరీలోనే ఉంది. చదివాను.

17 ఆగస్టు

పంతులుగారిని కలిశాను. ఇకమీదట చీటీ ఉండదన్నాను. "ఏదైనా అపచారం జరిగిందా అమ్మా?" అన్నారు. నా వల్ల అన్నాను.

18 ఆగస్టు, బుధవారం

పైడయ్య ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కొబ్బరిపీచుతో తాడు పేనుతున్నాడు. రూప మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. పైడమ్మ లోపల్నుంచి రాలేదు, వినబడే దూరంలోనే ఉంది.

దారంతా మాటలు కూడగట్టుకున్నాను. అక్కడ ఒక్కటే వచ్చింది. "నీ మాట ఆ వైరు మీంచి పోలేదు పైడయ్యా. నేనే పంపాను" అన్నాను. తరవాత గుడి సంగతి చెప్పాను. టెక్కలివాళ్ళు ఎక్కడ కూర్చుని విన్నారో చెప్పాను. అతని పేరు రెండుసార్లు చదివించిన రోజు కూడా చెప్పాను.

పైడయ్య చేతులు ఆగలేదు. తాడు ఒక మూర పెరిగింది.

"దేవుడికి నా ఒంట్లో సంగతి తెల్దేటప్పా? నువ్వెల్లి సెప్తేగాని తెల్దేటి?" అన్నాడు.

మంచినీళ్ళ గ్లాసు అరుగు మీద పెట్టాను.

పైడమ్మ లోపల్నుంచే అంది, "మరి ఆ తిరుపతిరావు బాబుని ఊరు ఊరంతా ఆడిపోసుకున్నాం కదా." ఊరికి ఆ మాట ఇచ్చింది నేనే అన్నాను.

రూప స్తంభానికి ఆనుకుని నిలబడింది. టెక్కలివాళ్ళ మాట ఎత్తి, నేనే వెళ్ళి వాళ్ళతో మాట్లాడతానన్నాను. "ఆలు ఎల్లిపోనారు పెద్దమ్మా, పోనీ. నాన్న మందులు మానీసి నెల దాటింది. దానికేటి సేత్తావో సెప్పు" అంది. ఏడవలేదు. పిల్ల అలా అడిగాక నేను ఏడవడానికి వీల్లేకపోయింది.

పైడయ్యని రమ్మని అడిగాను. రెండోసారి కూడా అడిగాను.

"వొస్తాను. నా అంకె నువ్వు సూడకూడదు. ఢిల్లీబాబు సూడాల, డాక్టరుబాబు సూడాల. నువ్వు సూసినావని తెలిస్తే మరి రాను" అన్నాడు.

సరే అన్నాను. సరే అనడం సులువే. కాగితాలన్నీ నా బల్ల మీదే పుడతాయి.

22 ఆగస్టు, ఆదివారం

పలాస బస్సెక్కి కాశీబుగ్గలో దిగాను. సెంటర్లో ఎవరూ లేరు, ఆదివారం కదా. తిరుపతిరావు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కుర్చీ వేశాడు. నవ్వలేదు. ఆ నవ్వు లేకపోతే అతని మొహం ఎంత ముసలిదైపోయిందో అప్పుడు చూశాను.

జరిగింది చెప్పాను. తప్పు నాదన్నాను. ఊళ్ళో నీ మీద మాట వేసింది కూడా నేనే, ఒక్కొక్కళ్ళకీ చెప్పి తీస్తానన్నాను. కృష్ణవేణి మేడ మీంచి దిగి వచ్చి గుమ్మం దగ్గర ఆగింది.

"గెస్టంటే ఎవులనుకున్నావు వదినా?" అన్నాడు చివరికి. "ఆ పాత మిషనే. ఎక్స్‌పీకి బయటినుంచి ఎవులొచ్చినా పేరడగదు, గెస్టని రాసుకుంటాది. నీ ఫోల్డరు ఆ మిషనుకి తగిలించి ఒగ్గీసినాను. మిషను ఆన్‌లో ఉంటే సాలు, ఆ పేరు ఉంటాది. గదిలో మనిషి ఉండక్కర్లేదు. ఆవేళ ఇదే సెప్పబోయినాను."

ఆవేళ నేను వినలేదన్నాను.

"లేదు" అన్నాడు. అంతే అన్నాడు.

తరవాత వచ్చిన పని చెప్పాను. వైరు మళ్ళీ పెట్టాలి. ఈసారి తాళం ఉండాలి. గెస్ట్ తీసేసి మనిషికొక పేరు, పేరుకొక పాస్‌వర్డు పెట్టొచ్చు, కొంచెం పని ఎక్కువ అన్నాడు. ప్రింటరు లోపలి గదికి మార్చమన్నాను. అంకెల ఫోల్డరు ఢిల్లీబాబుకీ డాక్టరుగారికీ మాత్రమే తెరుచుకోవాలన్నాను.

"మరి నీకు?"

"నాకు వద్దు. వచ్చినవాళ్ళ పేరు రాసుకునే ఫైలు చాలు."

"ఆ ఫోల్డరు ఉండేది నీ బల్ల మీద మిషన్లోనే వదినా. నీ మిషన్ని నువ్వే తీయలేవు."

"అలాగే పెట్టు."

అతను కృష్ణవేణికేసి చూశాడు. అది నాకేసి చూసింది. దాని మొహంలో కోపం పోయిందో లేదో నాకు తెలియలేదు. "మా ఇంటికొచ్చి అన్నం తినకుండా ఎల్తావేటి?" అంది. తిన్నాను. దోసకాయ పప్పు. తిరుపతిరావు రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

నాతోపాటే బస్సులో వచ్చి సాయంత్రానికి పని పూర్తి చేసి వెళ్ళాడు. పాత మిషనులో ఢిల్లీబాబు ఏ పేరుతో లోపలికి వస్తాడో అదే పేరు కొత్తదాంట్లోనూ పెట్టాలట, అప్పుడే ఒప్పుకుంటుందట. నన్ను అటు తిరగమని వాళ్ళిద్దరూ పాస్‌వర్డు కొట్టారు. తిరిగాను. వెళ్ళాక ఆ ఫోల్డరు మీద ఒకసారి నొక్కి చూశాను. అనుమతి లేదంది.

చూడకుండా ఉండాల్సింది. చూశాను కాబట్టి రాస్తున్నాను.

23 ఆగస్టు, సోమవారం

గుడికి ఉత్త చేతుల్తో వెళ్ళాను. పంతులుగారు గోత్రం అడిగారు. నాది ఒక్కటే చెప్పాను. ఆ ఇద్దరు ఆడవాళ్ళూ వచ్చారు. హారతి అయ్యాక కాసేపు కూర్చుని లేచిపోయారు.

25 ఆగస్టు, బుధవారం

ఇరవై మూడు ఇళ్ళు తిరిగాను. తిరుపతిరావు తప్పు లేదని చెప్పాను. ఎవరిదో కూడా చెప్పాను. మహాలక్ష్మమ్మ తలుపు తీయలేదు. తలుపు బయటే చెప్పి వచ్చాను.

28 ఆగస్టు, శనివారం

పొద్దున్న తొమ్మిది మంది వచ్చారు. పది దాటాక పైడయ్య వచ్చాడు. పైడమ్మ భుజం పట్టుకుని మెట్లు ఎక్కాడు.

పేరు కొట్టాను. వయసు అడిగాను, తెలిసినా. లోపలికి వెళ్ళమన్నాను. ఢిల్లీబాబు తలుపు వేశాడు. డాక్టరుగారు కూడా లోపలే కూర్చుంటున్నారు ఇప్పుడు. ప్రింటరు చప్పుడు ఇక్కడికి వినిపించింది. నేను గోడకేసి చూస్తూ కూర్చున్నాను.

చాలాసేపటికి బయటికొచ్చాడు. కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు, మీద చెయ్యి పెట్టాడు. పైడమ్మ నా వైపు చూడకుండా చెంగుతో ముక్కు తుడుచుకుంది.

మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారని అడిగాను. అది అడగడం నా పనే, పేరు రాసుకోవాలి.

"ఎల్లుండి" అన్నాడు. "విశాకపట్నం ఎల్లడానికి డాక్టరుబాబు మల్లీ వొచ్చి కాయితం రాసిస్తారంట."

ఎల్లుండికి ఎవరిని రమ్మంటారో, ఏ అంకె దాటితే డయాలిసిస్‌కి విశాఖ పంపిస్తారో ఐదేళ్ళుగా నాకు తెలుసు. సోమవారం, 30 అని కొట్టి, పక్కన పైడయ్య అని రాశాను. ఎన్ని గంటలకి వస్తావన్నాను. పొద్దున్నే అన్నాడు. తలుపు ముందే తీసి ఉంచుతానన్నాను.

తరవాతివాళ్ళని రమ్మన్నాను. పేరు అడిగాను.